కర్సర్ నడక – మాక్రో ఫలితం : ఒక పరిశీలన

మన వార్షిక సంచికకు రెండు ముఖపత్రాలు ఉంటాయి. ఎడమవైపు నుంచి తెరిస్తే తెలుగు విభాగం, కుడివైపు నుంచి తెరిస్తే ఉర్దూ విభాగం. రెండూ నడుమ ఎక్కడో కలుసుకుంటాయి. చదువరికి ఇందులో చిక్కేమీ లేదు. పుస్తకాన్ని తిప్పి పట్టుకుంటే సరిపోతుంది. చిక్కంతా ఈ రెండు విభాగాలనూ ఒకే కంప్యూటర్ మీద సిద్ధం చేసేవారిది. "ముందుకు" అనే మాటకు తెలుగు పుటలో కుడివైపు అని అర్థం, ఉర్దూ పుటలో ఎడమవైపు అని అర్థం. మనిషి ఈ భేదాన్ని ఆలోచించకుండానే సర్దుకుంటాడు. యంత్రానికి మాత్రం ఎవరో ఒకరు చెప్పి ఉంచాలి. ఏమి చెప్పి ఉంచారో దానిని వాడేవారికి తెలిసి ఉండాలి.

కంప్యూటర్ మీద మాటలను వ్రాసి, దిద్ది, భద్రపరచే సాధనాన్ని టెక్స్ట్ ఎడిటర్ అంటారు. అక్షరాల అలంకారంతోను, పుట సింగారంతోను దానికి పెద్దగా పని లేదు. అక్షరాల వరుసక్రమమే దానికి ముఖ్యం. తరువాతి అక్షరం ఎక్కడ పడుతుందో చూపుతూ తెర మీద మినుకుమినుకుమనే గీత కర్సర్. ఒకే మార్పును అనేక పంక్తులలో మరల మరల చేయవలసి వచ్చినప్పుడు, మొదటి పంక్తిలో మనం నొక్కిన మీటలన్నిటినీ ఎడిటర్ చేత గుర్తుపెట్టించి, తక్కిన పంక్తులలో వాటినే తిరిగి నొక్కించవచ్చు. ఇలా గుర్తుంచుకొన్న మీటల వరుసకు కీబోర్డ్ మాక్రో అని పేరు. ప్రోగ్రాములు వ్రాయడం రానివారు సైతం వాడుకోదగిన విద్య ఇది.

కళాశాలలో దీని ప్రయోజనాన్ని ఊహించడం కష్టం కాదు. ఉపకార వేతనాలకు దరఖాస్తు చేసినవారి జాబితా ఒకటి ఉన్నదనుకుందాం. 300 పంక్తులు, ఒక్కొక్క పంక్తిలో పేరు, తండ్రి పేరు, చిరునామా, ప్రవేశ సంఖ్య. ప్రవేశ సంఖ్య ముందు ఉండాలి, పేరు తరువాత రావాలి అని పై కార్యాలయం వారు కోరారు. చేతితో మార్చడానికి ఒక పూట పడుతుంది. మాక్రోతో కొన్ని క్షణాలు చాలు. అయితే ఆ క్షణాలలో ఎక్కడో నడిమి పంక్తి దగ్గర మాక్రో దారి తప్పిందంటే, అక్కడి నుంచి ఒకరి సంఖ్య మరొకరి పేరు పక్కన చేరవచ్చు. యంత్రం ఏ హెచ్చరికా చేయదు. జాబితా చూపుకు చక్కగానే ఉంటుంది. పదవ తరగతి ధ్రువపత్రంలో ఒక విధంగాను దరఖాస్తులో మరొక విధంగాను పేరు నమోదైన విద్యార్థిని, ఆ రెంటినీ ఒకటి చేయించుకోవడానికి ఎన్ని కార్యాలయాల మెట్లు ఎక్కవలసి వస్తుందో ఈ పుటలు చదివేవారిలో చాలమందికి తెలిసినదే. కావున మాక్రో ఎందుకు దారి తప్పుతుందనే ప్రశ్నను కేవలం కంప్యూటర్ ముచ్చటగా త్రోసివేయడానికి వీలు లేదు.

ఊరికి కొత్తగా వచ్చినవానికి దారి చెప్పడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. "ఇక్కడి నుంచి వంద అడుగులు వేసి కుడిచేతి వైపు తిరుగు" అనవచ్చు. "మసీదు దాటిన తరువాత వచ్చే మొదటి వీధిలోకి తిరుగు" అని కూడ అనవచ్చు. మొదటి దారి నడిచేవాని అడుగు పొడవును బట్టి మారిపోతుంది, రెండవది మారదు. మాక్రో మన ఉద్దేశాన్ని గ్రహించదు, మన వేళ్ళ కదలికను మాత్రమే దాచుకుంటుంది. "క్రింది బాణం" అనే మీట అందులో ఉంటుందే తప్ప, "తరువాతి విద్యార్థి" అనే భావం అందులో ఉండదు. ఆ మీటను యంత్రం తిరిగి నొక్కినప్పుడు కర్సర్ ఎంత దూరం, ఏ దిక్కుకు పోతుందన్నది, ఆ క్షణాన ఎడిటర్‌లో ఉన్న కర్సర్ అమరికలను బట్టి తేలుతుంది. అడుగు పొడవును నిర్ణయించేవి ఈ అమరికలే.

దీనిని పరిశీలించడానికి ఈమాక్స్ అనే ఎడిటర్ మంచి ఉదాహరణ. దాని పేరులోనే మాక్రో ఉన్నది. 1976లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థకు చెందిన కృత్రిమ మేధా ప్రయోగశాలలో, టెకో అనే అంతకు పూర్వపు ఎడిటర్ కోసం తలా ఒకరు వ్రాసుకున్న మాక్రోలను ఒకచోట చేర్చి, క్రమపరచి, రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ మొదలగువారు దీనికి రూపం ఇచ్చారు. నేటికీ వాడుకలో ఉన్న గ్నూ ఈమాక్స్‌ను స్టాల్‌మన్ 1985లో వెలువరించారు. తొలి ఈమాక్స్ పుట్టిన 1976 ప్రాంతంలోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో బిల్ జాయ్ వి.ఐ. అనే మరొక ఎడిటర్‌ను తయారు చేశారు. దాని సంతతిలోనిదే బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన విమ్. ఈ రెండు వంశాల అభిమానుల మధ్య జరిగిన వాదోపవాదాలు మన భాషోద్యమ కాలపు వాదాలకు ఏమాత్రం తీసిపోవు. ఆ జోలి మనకు ఇక్కడ వద్దు.

ఆనాటి తెరలు సాధారణంగా 80 అక్షరాల వెడల్పు, 24 వరుసల ఎత్తు కలవి. అక్షరాలన్నిటికీ ఒకే వెడల్పు. వ్రాసేవి ఎక్కువగా ప్రోగ్రాములు. వాటి పంక్తులు పొట్టివి. అందుచేత ఫైలులో ఉన్న పంక్తీ, తెర మీద కనిపించే వరుసా చాలవరకు ఒకటే అయి ఉండేవి. కాలక్రమాన వ్యాసాలు, ఉత్తరాలు వ్రాసేవారు కూడ ఎడిటర్లను ఆశ్రయించారు. ఒక పేరా అంతటినీ ఒకే పంక్తిగా వ్రాసుకుంటూ పోయి, దానిని మడతపెట్టి చూపే భారాన్ని తెరకు వదిలివేయడం అలవాటయింది. అప్పుడు ఒక్క పంక్తి తెర మీద ఐదారు వరుసలుగా కనిపించసాగింది. ఈ వ్యాసంలో ఫైలులో ఉన్నదానిని పంక్తి అని, తెర మీద కనిపించేదానిని వరుస అని అంటాను. ఈ రెండు మాటల భేదం మనసులో ఉంచుకుంటే తరువాతి విషయం సులభం.

క్రింది బాణం నొక్కితే కర్సర్ ఎక్కడికి పోవాలి? తరువాతి పంక్తికా, తరువాతి వరుసకా? ఈమాక్స్ చిరకాలం పంక్తికే పోయేది. పొడుగాటి పేరా మధ్యలో ఉన్నవాడు ఒక్క వరుస దిగుదామని మీట నొక్కితే, పేరా అంతా దాటిపోయేది. వ్యాసాలు వ్రాసేవారికి ఇది విసుగు. 2009లో వచ్చిన 23వ కూర్పులో లైన్-మూవ్-విజువల్ అనే అమరికను ప్రవేశపెట్టి, దానిని మొదటి నుంచే తెరచి ఉంచారు. ఇప్పుడు క్రింది బాణం వరుసకు దిగుతుంది. కంటికి ఇది సహజం. మాక్రోకు మాత్రం కాదు.

మన 300 పంక్తుల జాబితాలో ప్రతి పంక్తికి ముందు ఒక నక్షత్రపు గుర్తు పెట్టాలని ఉన్నదనుకుందాం. మాక్రో ఇది: నక్షత్రం నొక్కు, ఒక వరుస దిగు, పంక్తి మొదటికి పో. మొదటి 16 పంక్తులూ పొట్టివి. మాక్రో చక్కగా నడుస్తుంది. 17వ పంక్తిలో చిరునామా పొడుగైనది, అది తెర మీద రెండు వరుసలుగా మడతపడింది. మాక్రో దాని మొదట నక్షత్రం పెట్టి, ఒక వరుస దిగుతుంది. దిగిన చోటు 18వ పంక్తి కాదు, 17వ పంక్తి రెండవ మడతే. ఆ మీదట "పంక్తి మొదటికి పో" అనే ఆజ్ఞ దానిని తిరిగి 17వ పంక్తి మొదటికే తెస్తుంది. మరల నక్షత్రం, మరల దిగడం, మరల అక్కడికే రావడం. 300 సార్లు నడిపించమని చెప్పి ఉంటే, 17వ పంక్తి ముందు 284 నక్షత్రాలు పేరుకుపోతాయి. 18 నుంచి 300 వరకు ఉన్న పంక్తులకు ఒక్కటీ దక్కదు. గానుగ చుట్టూ తిరిగే ఎద్దు వలె అది అలిసిపోకుండా తిరుగుతుంది.

ఇందులో అసలు ప్రమాదం నక్షత్రాల సంఖ్యలో లేదు. అన్ని నక్షత్రాలు పడితే ఎవరికైనా కనిపిస్తుంది. ఇదే మాక్రోను ఇదే ఫైలు మీద పెద్ద తెర గల కంప్యూటర్‌లో నడిపిస్తే ఏ పొరపాటూ జరగదు. ఏ చిరునామా అక్కడ మడతపడదు. అక్షరాల పరిమాణం కొంచెం పెంచినా, కిటికీని సగానికి తగ్గించినా ఫలితం మారిపోతుంది. గణితంలో ఒకే సమీకరణానికి కాగితం వెడల్పును బట్టి సమాధానం మారితే మనం ఒప్పుకుంటామా? చూపుకు సౌకర్యం కలిగించే అమరికను చేతకు కూడ వర్తింపజేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఆ కూర్పును తయారు చేసినవారు వ్రాసేవాని సుఖాన్ని ఎంచుకున్నారు, దానికి ధరను మాక్రో చెల్లించింది. వారి నిర్ణయం తప్పని నేను అనను. రాత పనికి అది మేలే చేసింది. అయితే మాక్రో నడిచే వేళకైనా ఆ అమరికను తానుగా మూసే ఏర్పాటు ఉంటే ఇంకా బాగుండేదని నా అభిప్రాయం.

అదే కూర్పులో విజువల్-లైన్-మోడ్ అనే మరొక ఏర్పాటు కూడ వచ్చింది. దానిని తెరిస్తే "మొదటికి పో" అనే ఆజ్ఞ సైతం పంక్తి మొదటికి కాక వరుస మొదటికి పోతుంది. "చివరి దాకా తుడువు" అనే ఆజ్ఞ వరుస చివరి వరకే తుడుస్తుంది. ఇప్పుడు మన నక్షత్రపు మాక్రో 17వ పంక్తి దగ్గర చిక్కుకోదు గాని, చిరునామా నడిమధ్యన ఇంకొక నక్షత్రం పెట్టి ముందుకు సాగుతుంది. తుడిచే మాక్రో అయితే చిరునామాలో సగం పోయి సగం మిగులుతుంది. మొదటి పొరపాటు కంటె ఇది చెడ్డది. 284 నక్షత్రాలు కేకవేసి చెబుతాయి. సగం చిరునామా నోరెత్తదు.

నివారణ కష్టమైనది కాదు. లైన్-మూవ్-విజువల్ అమరికను మూసివేయవచ్చు. లేదా పంక్తికే దిగే నెక్స్ట్-లాజికల్-లైన్ అనే ప్రత్యేకమైన ఆజ్ఞను మాక్రోలో వాడవచ్చు. విమ్‌లో ఈ విభజన స్పష్టంగా ఉన్నది. జె అనే మీట పంక్తికి దిగుతుంది, జి తరువాత జె నొక్కితే వరుసకు దిగుతుంది. అయితే వరుసకు దిగడమే తమకు ఇష్టమని జె మీటకే ఆ రెండవ అర్థాన్ని కట్టుకునేవారు చాలమంది ఉన్నారు. విమ్ తన మాక్రోను నడిపేటప్పుడు ఆ కొత్త అర్థాన్నే తీసుకుంటుంది. స్నేహితుని దగ్గర పని చేసిన మాక్రో మన దగ్గర వికటించడానికి తరచు ఇదే కారణం.

వీటన్నిటి కంటె మేలైన ఉపాయం మసీదు గుర్తు చెప్పడమే. పేరు తరువాత కామా ఉన్నదని తెలుసు కదా; పన్నెండుసార్లు కుడి బాణం నొక్కే బదులు, పంక్తి మొదటికి పోయి, కామాను వెతకమని చెప్పాలి. పేరు పొడుగైనా పొట్టిదైనా కామా దగ్గరే కర్సర్ నిలుస్తుంది. ఈ పద్ధతికి మరొక లాభం కూడ ఉన్నది. వెతికినది ఫైలు చివరి దాకా దొరకకపోతే మాక్రో అక్కడే ఆగిపోతుంది.

ఆగడం అనే మాట వచ్చింది కనుక దానిని గురించి కొంత చెప్పాలి. మాక్రోను ఎన్నిసార్లు నడపాలో లెక్కపెట్టడం విసుగు. అందుచేత ఈమాక్స్‌లో సున్నా అనే సంఖ్య ఇచ్చి, "ఆటంకం ఎదురయ్యేవరకు నడుపు" అని ఆజ్ఞాపించే సౌకర్యం ఉన్నది. చివరి పంక్తి తరువాత దిగడానికి చోటు ఉండదు, ఆటంకం వస్తుంది, మాక్రో నిలుస్తుంది. అనగా ఇక్కడ ఆటంకమే మనకు రక్షణ. అయితే నెక్స్ట్-లైన్-యాడ్-న్యూలైన్స్ అనే అమరిక ఒకటి కలదు. దానిని తెరిస్తే, ఫైలు చివర క్రింది బాణం నొక్కినప్పుడు ఎడిటర్ అభ్యంతరం చెప్పకుండా కొత్త ఖాళీ పంక్తిని సృష్టించి ఇస్తుంది. ఇక మాక్రోకు అంతం లేదు. నక్షత్రం పెడుతుంది, కొత్త పంక్తి పుడుతుంది, మరల నక్షత్రం. ఎవరో ఒకరు కంట్రోల్ మీటతో జి నొక్కి ఆపేవరకు ఫైలు పెరుగుతూనే ఉంటుంది. పూర్వం ఈ అమరిక మొదటి నుంచే తెరచి ఉండేది. 2001లో వచ్చిన 21వ కూర్పు నుంచి మూసి ఉంచుతున్నారు. విమ్‌లో కూడ ఇటువంటిదే ఉన్నది. పంక్తి చివర కుడివైపు పోవడానికి వీలు లేక మాక్రో ఆగిపోవాలి. విచ్‌వ్రాప్ అనే అమరికను మార్చినవారి దగ్గర అది ఆగకుండా తరువాతి పంక్తిలోకి జారుకుంటుంది.

ఇంతవరకు చెప్పినది ఏ భాషవారికైనా వర్తిస్తుంది. ఇక మన రెండు విభాగాల సంచికకు ప్రత్యేకించి సంబంధించిన విషయం.

ఉర్దూ వాక్యం తెర మీద కుడి నుంచి ఎడమకు కనిపించినా, ఫైలులో దాని అక్షరాలు చదివే క్రమంలోనే నిలిచి ఉంటాయి. "కితాబ్" అనే మాటలో కాఫ్ మొదట, తే రెండవది, అలిఫ్ మూడవది, బే నాలుగవది. తెలుగు మాటకు కూడ ఇదే నియమం. కుడి ఎడమల నిర్ణయం చూపేటప్పుడు మాత్రమే జరుగుతుంది. దీనికి యూనికోడ్ సంస్థ ఏర్పరచిన ద్విదిశా నియమావళి ఉన్నది. ఈమాక్స్ ఈ నియమావళిని 2012లో వచ్చిన 24వ కూర్పులో స్వీకరించింది; ఆ పనిని ప్రధానంగా చేసినవారు ఎలీ జరెట్‌స్కీ.

ఆ కూర్పు నుంచి "ముందుకు" అనే ఆజ్ఞ, "కుడి బాణం" అనే మీట రెండు వేరు వేరు విషయాలయ్యాయి. కంట్రోల్ మీటతో ఎఫ్ నొక్కితే కర్సర్ చదివే క్రమంలో ముందుకు పోతుంది. తెలుగైనా ఉర్దూ అయినా ఇందులో మార్పు లేదు. కుడి బాణం మాత్రం పేరా దిశను చూసుకుంటుంది. పేరా ఎడమ నుంచి కుడికి నడిచేదైతే కుడి బాణం ముందుకు తీసుకుపోతుంది. పేరా కుడి నుంచి ఎడమకు నడిచేదైతే అదే మీట వెనుకకు తీసుకుపోతుంది. తెలుగు జాబితాలో కుడి బాణాన్ని మూడుసార్లు నొక్కి నేర్పిన మాక్రోను ఉర్దూ జాబితాలో పంక్తి మొదట నడిపిస్తే, కర్సర్ మూడు అక్షరాలు ముందుకు పోయే బదులు క్రిందటి పంక్తి తోకలోకి పోతుంది. అక్కడ ఒక అక్షరం తుడిచే ఆజ్ఞ ఉన్నదంటే, నష్టం ఒకరిది కావలసింది మరొకరిది అవుతుంది.

పేరా దిశను ఎవరు నిర్ణయిస్తారు? మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, పేరాలో మొట్టమొదట వచ్చే దిశ గల అక్షరమే నిర్ణయిస్తుంది. ఈమాక్స్ దృష్టిలో పేరాకు హద్దు ఖాళీ పంక్తి. ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. అచ్చంగా తెలుగులో ఉన్న జాబితాకు పైన, ఖాళీ పంక్తి విడవకుండా ఉర్దూలో ఒక శీర్షిక చేర్చారనుకోండి. ఆ శీర్షికలోని మొదటి అక్షరం మొత్తం జాబితాను కుడి నుంచి ఎడమకు నడిచే పేరాగా మార్చివేస్తుంది. తెలుగు పేర్లు తెలుగు పేర్లుగానే, ఎడమ నుంచి కుడికే కనిపిస్తాయి; కాని వాటి మీద కుడి బాణం వెనుకకు నడుస్తుంది. నిన్నటి వరకు పని చేసిన మాక్రో ఈరోజు తలక్రిందులవుతుంది. జాబితాలో ఒక్క అక్షరమైనా మారలేదు కదా అని వెతికేవారికి కారణం దొరకదు. శీర్షిక క్రింద ఒక ఖాళీ పంక్తి విడిస్తే చాలు, చిక్కు విడిపోతుంది.

ఉర్దూ పంక్తిలో అంకెలు వచ్చినప్పుడు మరొక విశేషం. అంకెలు ఉర్దూలో కూడ ఎడమ నుంచి కుడికే సాగుతాయి. కాతిబులు కలంతో వ్రాసే రోజులలో, సంవత్సరం వేయవలసిన చోట కాతిబ్ చేయి కొంత స్థలం విడిచి ఎడమకు జరిగి, అంకెలను కుడివైపుగా వేసి, మరల ఎడమకు దాటేది. కర్సర్ కూడ ఇదే చేస్తుంది. 1984 అనే సంఖ్య దగ్గరకు వచ్చి, ఎడమ అంచున ఉన్న 1 మీదికి గెంతి, 9, 8, 4 మీదుగా కుడికి ప్రాకి, తిరిగి ఎడమవైపు ఉన్న అక్షరం మీదికి గెంతుతుంది. ఈ గెంతులు నచ్చనివారి కోసం 2014లో 24.4 కూర్పులో విజువల్-ఆర్డర్-కర్సర్-మూవ్‌మెంట్ అనే అమరికను చేర్చారు. దానిని తెరిస్తే బాణాలు గెంతకుండా, కంటికి కనిపించే క్రమంలో సాఫీగా నడుస్తాయి. కాని అప్పుడు కర్సర్‌కు మొదట ఎదురయ్యేది 1 కాదు, 4. సంవత్సరంలో మొదటి రెండు అంకెలు తీసివేయడానికి బాణాలతో నేర్పిన మాక్రో, ఈ అమరిక తెరచి ఉన్నచోట చివరి రెండు అంకెల దగ్గరకు చేరుతుంది. 84 మిగలవలసిన చోట 19 మిగులుతుంది. పుట్టిన సంవత్సరాల పట్టికలో ఇది ఎంత అనర్థమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఉర్దూ చదివేవారికే ఈ తంటా, తెలుగుకు లేదు అనుకోవడం పొరపాటు. తెలుగులో దిశ సమస్య లేకపోయినా, ఒక అడుగు అంటే ఎంత అనే సమస్య ఉన్నది. "విద్యార్థి" అనే మాటను తీసుకోండి. మనం బడిలో నేర్చిన లెక్కలో దీనికి మూడు అక్షరాలు: వి, ద్యా, ర్థి. ఫైలులో మాత్రం ఇది పది సంకేతాలు. హల్లు ఒకటి, గుణింతం ఒకటి, పొల్లు ఒకటి, ఇలా విడివిడిగా నిలిచి ఉంటాయి. కర్సర్ ఒక్కొక్క అడుగులో ఎంత దాటాలో యూనికోడ్ నియమాలు సూచిస్తాయి. పాత నియమం ప్రకారం ఇందులో ఐదు అడుగులు: వి, ద్, యా, ర్, థి. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1లో ఈ నియమాన్ని సవరించి, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరాన్ని విడదీయరాదని నిర్ణయించారు. ఆ లెక్కన మూడు అడుగులే. భాష తెలిసినవారికి ఇది సంతోషకరమైన మార్పు. బడి లెక్కకు యంత్రం ఇన్నాళ్ళకు చేరుకున్నది.

కాని అన్ని ఎడిటర్లూ ఒకేసారి కొత్త నియమానికి మారవు. కుడి బాణాన్ని మూడుసార్లు నొక్కే మాక్రో కొత్త నియమం గల ఎడిటర్‌లో "విద్యార్థి" చివరకు చేరుతుంది. పాత నియమం గల ఎడిటర్‌లో "విద్యా" దగ్గర ఆగుతుంది. ఒక్కొక్క సంకేతాన్నీ ఒక అడుగుగా లెక్కించే ఎడిటర్‌లో దకారం తరువాత, పొల్లుకు ముందు నిలుస్తుంది. అక్కడ ఒక అడ్డగీత పెట్టమని మాక్రోకు చెప్పి ఉంటే, సంయుక్తాక్షరం విరిగి, ఆధారం లేని పొల్లు చుక్కల వలయం మీద వ్రేలాడుతూ కనిపిస్తుంది. తుడిచే మీటలలో కూడ భేదం ఉన్నది. చాల ఎడిటర్లలో బ్యాక్‌స్పేస్ చివరి సంకేతాన్ని మాత్రమే తీసివేస్తుంది. "ర్థి" తరువాత నొక్కితే గుడి పోయి "ర్థ" మిగులుతుంది. కర్సర్ మాత్రం ఆ గుడి దగ్గర ఆగనే ఆగదు. అనగా నడకకు ఒక కొలత, తుడుపుకు మరొక కొలత.

మన పేర్లలో పొల్లులు ఎక్కువ. షేక్, సయ్యద్, మహమ్మద్, అహ్మద్ – అన్నీ పొల్లుతో ముగుస్తాయి. వాటి వెంటనే మరొక మాట కలిసినప్పుడు వత్తు పడకుండా ఉండడానికి, టైపు చేసేవారు పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక సంకేతాన్ని చేరుస్తారు. మహబూబ్‌నగర్ అనే ఊరిపేరు ఇందుకు నిదర్శనం. ఆ సంకేతం లేకపోతే బకారం క్రింద నావత్తు వచ్చి చేరుతుంది. ఆ సంకేతం ఉన్నప్పుడు కొత్త నియమం ప్రకారం ఈ మాటకు ఏడు అడుగులు, లేనప్పుడు ఆరు. ఒకే జాబితాలో ఒకరు దానితోను, మరొకరు అది లేకుండాను, ఇంకొకరు ఖాళీ విడిచి రెండు మాటలుగాను టైపు చేసి ఉండడం మామూలే. అడుగులు లెక్కపెట్టే మాక్రో ఇటువంటి జాబితా మీద ఎలా నెగ్గుతుంది? కామాను వెతికే మాక్రోకు ఈ భేదాలతో పని లేదు.

కార్యాలయాలలో ఎడిటర్ల కంటె మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడకమే ఎక్కువ కనుక దాని మాట కూడ చెప్పడం న్యాయం. వర్డ్ మాక్రో మీటలను కాక, ఆ మీటలకు సరిపోయే ఆజ్ఞలను నమోదు చేసుకుంటుంది. క్రింది బాణం నొక్కితే "ఒక లైను దిగు" అనే ఆజ్ఞ నమోదవుతుంది. వర్డ్ భాషలో లైను అంటే కంటికి కనిపించే వరుసే. పుట అంచును కొంచెం జరిపినా, అక్షరాల పరిమాణం మార్చినా వరుసలు మారి, నక్షత్రపు కథ వంటిది ఇక్కడ కూడ జరుగుతుంది. కంట్రోల్ మీటతో క్రింది బాణం నొక్కితే "ఒక పేరా దిగు" అని నమోదవుతుంది. జాబితాలో ఒక్కొక్క పేరు ఒక్కొక్క పేరాగా ఉంటుంది కాబట్టి, కార్యాలయంలో మాక్రోలు తయారు చేసేవారు ఈ రెండవ మీటనే అలవాటు చేసుకోవడం మంచిది. ఉర్దూ వంటి భాషలకు వీలు కల్పించిన వర్డ్‌లో కర్సర్ నడకకు లాజికల్, విజువల్ అనే రెండు పద్ధతులు అమరికల పుటలో ఉంటాయి. ఒకే పనిని ఇద్దరు పంచుకొని రెండు కంప్యూటర్ల మీద చేస్తున్నప్పుడు, రెంటిలోనూ ఒకే పద్ధతి ఉన్నదో లేదో ముందుగా చూసుకోవాలి.

మాక్రో అడుగుల మీద ఆధారపడిందా, గుర్తుల మీద ఆధారపడిందా అని తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉన్నది. అసలు ఫైలును అలాగే ఉంచి, రెండు నకళ్ళు తీయాలి. మొదటి నకలు మీద కిటికీని పూర్తిగా విప్పి మాక్రోను నడపాలి. రెండవ నకలు మీద కిటికీని మూడవ వంతుకు తగ్గించి, అక్షరాలను పెద్దవి చేసి, అదే మాక్రోను అన్నిసార్లే నడపాలి. ఆ తరువాత రెండు ఫైళ్ళను పోల్చే ఆజ్ఞ ఇవ్వాలి. ఎక్కడైనా తేడా కనిపిస్తే, ఆ పంక్తి దగ్గర మాక్రో తెరను నమ్ముకున్నదన్నమాట. వరుసల తప్పులు ఈ పరీక్షకు దొరుకుతాయి. దిశ తప్పులూ సంయుక్తాక్షరాల తప్పులూ దొరకవు. వాటి కోసం ఇదే ఫైలు పైన ఒక ఉర్దూ పంక్తిని ఖాళీ విడవకుండా చేర్చి ఒకసారి, మహబూబ్‌నగర్ పేరును మూడు విధాలుగా టైపు చేసి మరొకసారి నడిపి చూడాలి. మొత్తం మీద పది నిమిషాల పని.